వసంతంలో గద్దల బాట: కోల్‌కతా మిద్దెల నుంచి హిమాలయపు అంచుల దాకా

కోల్‌కతా సముద్రమట్టానికి దాదాపు పది మీటర్ల ఎత్తులో ఉన్న ఊరు. గంగ తెచ్చి పోసిన ఒండ్రు మీద పుట్టి, ఆ ఒండ్రు మీదే పెరిగింది. ఎక్కి నిలబడి చూద్దామంటే చుట్టుపక్కల ఒక్క గుట్ట లేదు. వలసపోయే గద్దలను, డేగలను కొండ అంచున నిలబడి చూసే అలవాటు గురించి రాసేటప్పుడు ఇలాంటి ఊరితో మొదలుపెట్టడం వింతగానే ఉంటుంది. కానీ ఈ కథలో కీలకమైన పక్షికి శాస్త్రీయ నామం మొదట అచ్చయింది ఈ ఊరి పత్రికలోనే. చలికాలమంతా ఈ ఊరి చెత్త దిబ్బల మీద బతికి, ఫాల్గుణం దాటగానే చెప్పాపెట్టకుండా ఉత్తరానికి వెళ్లిపోయే గద్దలూ ఇక్కడ ఉన్నాయి. అవి ఏ దారిన వెళతాయి, ఎన్ని వెళతాయి, వాటిలో పిల్లలెన్ని, పెద్దవెన్ని అన్న ప్రశ్నలకు జవాబు దొరికే చోటు మాత్రం కొండల్లోనే ఉంది.

ముందుగా పేర్ల చిక్కు. తెలుగులో వేటపక్షుల పేర్లకు కొరత లేదు. గద్ద, డేగ, సాళువ, జాలె, బైరి, రాబందు, గరుడ పక్షి అన్నీ మనవే. విజయనగరాన్ని ఏలిన సాళువ వంశపు పేరు కూడా వేట డేగ నుంచే వచ్చింది. అయితే ఇంగ్లీషులో ఈగల్, కైట్, బజర్డ్ అని వేరువేరుగా పిలిచే పక్షులన్నిటినీ మన వార్తాపత్రికలు ‘గద్ద’ అనే ఒక్క గంపలో వేస్తాయి. ఈ వ్యాసంలో గద్ద అంటే ఊళ్లో కనిపించే నల్లగద్ద, చీలిక తోక ఉన్నది. గడ్డిమైదానాల నుంచి వచ్చే పెద్ద పక్షిని స్టెప్పీ ఈగల్ అనే పిలుస్తాను. రెక్కలు చాస్తే కొస నుంచి కొసకు రెండు మీటర్ల దాకా ఉండే దాన్ని నల్లగద్దతో కలిపి చెబితే లెక్కంతా తారుమారవుతుంది.

పేరు పెట్టిన ఊరు

1784లో విలియం జోన్స్ కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీని స్థాపించాడు. సంస్కృతం, శాసనాలు, చరిత్రతో పాటు జంతువులు, పక్షుల గురించి కూడా ఆ సంస్థ ప్రచురణల్లో వ్యాసాలు వచ్చేవి. ఖాట్మండులో బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్న బ్రయాన్ హాడ్జ్‌సన్ నేపాల్ లోయలో దొరికిన ఒక పెద్ద ఈగల్‌ను వర్ణించి పంపితే, 1833లో ఆ సొసైటీవారి ‘ఏషియాటిక్ రీసెర్చెస్’లో అది అచ్చయింది. ‘అక్విలా నిపాలెన్సిస్’ అన్న పేరు అలా పుట్టింది. ఈ పక్షి నేపాల్‌లో గూడు పెట్టదు. కజకిస్తాన్, దక్షిణ రష్యా, మంగోలియా గడ్డిభూముల్లో నేల మీదో, చిన్న రాతి దిబ్బ మీదో గుడ్లు పెడుతుంది. నేపాల్ దానికి దారిలో తగిలే చోటు, కొన్నిటికి చలికాలపు మకాం. పేరు మాత్రం బాటసారిగా దొరికిన చోటుదే మిగిలిపోయింది.

1841లో ఎడ్వర్డ్ బ్లైత్ ఆ సొసైటీ మ్యూజియానికి క్యూరేటర్‌గా వచ్చి ఇరవై ఏళ్లు పనిచేశాడు. దేశం నలుమూలల నుంచి చర్మాలు, గుడ్లు, ఉత్తరాలు ఆయన బల్ల మీదికి చేరేవి. అలా పంపినవారిలో టి.సి. జెర్డన్ ఒకరు. ఆయన నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉండి, యానాదుల నుంచి అక్కడి జీవజాతుల గురించి ఎంతో తెలుసుకున్నాడు. కడప జిల్లా కలివికోడికి ఇంగ్లీషులో ఉన్నది ఈయన పేరే. జెర్డన్ రాసిన ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’ 1862–64లో కలకత్తాలో అచ్చయింది. అందులో చాలా పక్షులకు తెలుగు పేర్లు కూడా ఉన్నాయి. నెల్లూరు అడవుల్లో యానాదులు చెప్పిన మాటలు హుగ్లీ ఒడ్డున అచ్చుయంత్రం ఎక్కిన తీరు మీద ఎవరైనా ఒక పుస్తకమే రాయవచ్చు.

జెర్డన్ ఆ పుస్తకంలోనే కలకత్తా గద్దల గురించి ఒక ఆసక్తికరమైన సంగతి రాశాడు. వానాకాలంలో మూడు నాలుగు నెలల పాటు అవి దాదాపు పూర్తిగా ఊరు విడిచిపోతాయని. ఆ నెలల్లోనే ఊరినిండా హర్‌గిలా కొంగలు దిగేవి. గవర్నరు భవనం పైకప్పు మీద వరుసగా నిలబడి, ఊరి మురికిని తిని శుభ్రం చేసే బెగ్గురు కొంగలవి. కలకత్తా కార్పొరేషన్ పాత చిహ్నంలో రెండు పక్కలా నిలబడిన పక్షులు అవే. ఇప్పుడు ఆ కొంగను చూడాలంటే అస్సాం, బీహార్ దాకా పోవాలి. రాజధానిలో అందరి కళ్లెదుటా ఉన్న పక్షి అది. ఏ ఏట ఎన్ని వచ్చాయో ఏటేటా రాసిపెట్టిన పద్దు మాత్రం లేదు. అందుకే అది మాయమైన తీరును ఇవాళ కథలుగా చెప్పుకోవడమే తప్ప గీత గీసి చూపలేం. ఈ వ్యాసం అసలు విషయం ఇదే. కొండ అంచున నిలబడి గద్దలను చూడటం సరదాగా మొదలవుతుంది. కానీ అలా చూసినవారు రాసిపెట్టిన అంకెలే కొన్నిచోట్ల ఒక జాతి పడిపోతున్న సంగతిని ముందుగా పట్టిచ్చాయి.

కొండ అంచే ఎందుకు

పిచ్చుకకు, బాతుకు ఈ బాధ లేదు. అవి రెక్కలాడిస్తూ నేరుగా పోతాయి, చాలావరకు రాత్రిపూట. మూడు నాలుగు కిలోల బరువుండే ఈగల్ వేల కిలోమీటర్లు రెక్కలాడిస్తూ పోవాలంటే ఒంట్లో దాచుకున్న కొవ్వు చాలదు. అందుకే అది గాలి మీద సవారీ చేస్తుంది. ఎండకు నేల కాగి, వేడెక్కిన గాలి స్తంభంలా పైకి లేస్తుంది. పక్షి అందులోకి దూరి, రెక్క ఆడించకుండా చుట్లు తిరుగుతూ పైకి పోతుంది. స్తంభం బలహీనపడే ఎత్తుకు చేరాక రెక్కలు కొంచెం ముడిచి, పోవాల్సిన దిక్కుకు జారుతుంది. కిందికి దిగేలోపు మరో స్తంభం దొరకాలి. రోజంతా ఇదే పని, ఎక్కడం, జారడం.

కొండ వరుస ఉన్నచోట దీనికి ఇంకో సాయం తోడవుతుంది. వీచే గాలి వాలుకు తగిలి పైకి మళ్లుతుంది. ఆ గాలి అంచున పక్షి చుట్లు కూడా తిరగనక్కరలేదు, తిన్నగా సాగిపోవచ్చు. హిమాలయంలో దక్షిణానికి తిరిగిన వాలు పొద్దున తొమ్మిది, పది గంటలకల్లా వేడెక్కి లోయ గాలిని పైకి లాగుతుంది. అందుకే వందల కిలోమీటర్ల వెడల్పున చెల్లాచెదురుగా రావలసిన పక్షులు కొన్ని అంచుల వెంట సన్నని బాట కట్టి పోతాయి. అక్కడ సరైన మలుపులో కూర్చున్న మనిషికి అవి తల మీదుగానో, కొన్నిసార్లు కాళ్లకు దిగువనో దాటిపోతాయి. ఈగల్‌ను పైనుంచి చూడటం, దాని వీపు మీద ఎండ పడటం, మైదానంలో ఏళ్ల తరబడి పక్షులను చూసినవారికి కూడా దొరకని దృశ్యం.

పెద్ద నీటి మీద వేడి గాలి స్తంభాలు సరిగా లేవవు. కాబట్టి బరువైన వేటపక్షులు సముద్రాన్ని తప్పించుకుంటాయి, తప్పనప్పుడు అతి సన్నగా ఉన్నచోట దాటుతాయి. మలేసియాలో పోర్ట్ డిక్సన్ దగ్గరున్న తంజుంగ్ తువాన్ దీనికి మంచి ఉదాహరణ. సుమత్రా వైపునుంచి మలక్కా జలసంధిని దాటే తేనె డేగలు ఏటా మార్చిలో అక్కడి దీపస్తంభం గుట్ట మీదుగా తీరం చేరుకుంటాయి. నీటి మీద గాలి సాయం లేక, రెక్కలాడించి అలసిపోయి, చెట్ల తలలను రాసుకుంటూ వస్తాయి. ఒడ్డు చేరగానే నేల మీద లేచే వేడి గాలిని అందుకుని మళ్లీ పైకి పోతాయి. మలేసియన్ నేచర్ సొసైటీ 2000 నుంచి అక్కడ గద్దల పండుగ లాంటిది జరుపుతోంది. కౌలాలంపూర్ నుంచి రెండు గంటల ప్రయాణం. మలేసియా తెలుగువారికి ఇంతకంటే దగ్గరలో ఇలాంటి దృశ్యం లేదు.

హిమాలయం వెంట తూర్పు–పడమర బాట

వలస అంటే శరత్తులో దక్షిణానికి, వసంతంలో ఉత్తరానికి అని బడిలో చదువుకున్నాం. హిమాలయపు స్టెప్పీ ఈగల్ ఈ పాఠానికి లొంగదు. శరత్తులో అది కొండల దక్షిణపు వాలు వెంట తూర్పు నుంచి పడమరకు పోతుంది. వసంతంలో పడమర నుంచి తూర్పుకు వస్తుంది. ఈ సంగతిని 1980లలో నేపాల్‌లో పరిశీలించినవారు మొదట వివరంగా రాశారు. రాబర్ట్ ఫ్లెమింగ్ 1983లో దీన్ని తూర్పు–పడమర వలసగా వర్ణించాడు. అన్నపూర్ణ పర్వతాలకు దక్షిణాన ఖారే అనే చోట 1985 శరత్తులో కొద్ది వారాల్లోనే వేల స్టెప్పీ ఈగల్స్ లెక్కకు వచ్చాయి. 2012 నుంచి పోఖరా దగ్గర థూలాఖర్కలో శరత్తు లెక్క సాగుతోంది.

వసంతపు లెక్కకు మన దేశంలో చెప్పుకోవలసిన చోటు ధర్మశాల. ధౌలాధార్ కొండలు అక్కడ మైదానం నుంచి గోడలా లేస్తాయి. జాన్ విల్లెమ్ డెన్ బెస్టెన్ అనే పరిశీలకుడు 2001 శరత్తులోనూ, 2002 వసంతంలోనూ అక్కడ లెక్కపెట్టి, ఆ ఫలితాలను 2004లో ప్రచురించాడు. రెండు కాలాల్లోనూ వేల సంఖ్యలో స్టెప్పీ ఈగల్స్ ధర్మశాల మీదుగా దాటాయి. వాటితో పాటు ఇతర ఈగల్స్, బజర్డ్‌లు, గద్దలు కూడా. పడమరకు అంత జోరుగా పోయే పక్షులన్నీ రాజస్తాన్, పంజాబ్‌లకే చేరుతున్నాయని అనుకోవడానికి లేదు. కొన్ని అరేబియా దాకానో, ఇంకా అవతలికో పోతూ ఉండాలన్న ఊహకు ఆ లెక్క బలమిచ్చింది. రెండు కాలాలు, ఒక మనిషి పట్టుదల. పక్షుల శాస్త్రంలో చాలా ముఖ్యమైన పనులు ఇలాగే, జీతం లేని ఓపికతో జరిగాయి.

అన్ని పక్షులూ కొండ అంచు వెంటే పోతాయని అనుకోవద్దు. ఢిల్లీ చెత్త దిబ్బల దగ్గర చలికాలం గడిపే గద్దలకు నిశాంత్ కుమార్ బృందం జీపీఎస్ పరికరాలు కట్టింది. ఇవి మన ఊరి గద్దల జాతే, కానీ ఉత్తరపు ఉపజాతి. చెవి దగ్గర నల్ల మచ్చ, కొంచెం పెద్ద ఒళ్లు. 2020లో ప్రచురించిన ఫలితాల ప్రకారం వసంతంలో అవి కారాకోరం వైపుగా, కే2 శిఖర ప్రాంతం మీదుగా, ఆరు వేల మీటర్లకు పైన హిమాలయాన్ని అడ్డంగా దాటి కజకిస్తాన్, రష్యా, చైనా, మంగోలియా సరిహద్దులు కలిసే ప్రాంతానికి చేరాయి. మన వీధి చివర చేపల దుకాణం ముందు పీతల కోసం కాకితో కొట్లాడే పక్షి ఆ ఎత్తున మంచు శిఖరాలను దాటుతుందని తెలిశాక, దాన్ని మునుపటిలా చూడలేం.

బెంగాల్‌లోనూ చలికాలంలో ఈ ఉత్తరపు గద్దలు కనిపిస్తాయి. కోల్‌కతా తూర్పున ధాపా చెత్త దిబ్బ, దాన్ని ఆనుకుని 12,500 హెక్టార్ల తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలు ఉన్నాయి. 2002లో రామ్సార్ జాబితాకెక్కిన ఈ నేలల్లో ఊరి మురుగునీటితో చేపల చెరువులు నడుస్తాయి. వేటపక్షులకు ఇది అన్నపూర్ణ ఇల్లు. చెరువుల మీద తిరిగే చేపల డేగ, రెల్లు మీద తక్కువ ఎత్తున జారే మార్ష్ హారియర్ కూడా మార్చి, ఏప్రిల్ నెలల్లో మెల్లగా పలుచబడతాయి. ఊరి గద్ద మాత్రం అప్పటికి గూట్లో పిల్లలతో ఉంటుంది. ఈ స్థానిక ఉపజాతికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ‘గోవింద’. పేరుకు తగ్గట్టే ఊరు విడవని దేవుడు, జెర్డన్ చెప్పిన ఆ వానాకాలపు నెలలు మినహా.

అంకె ఎప్పుడు పనికొస్తుంది

శరత్తు లెక్కలో ఆ ఏడాది పుట్టిన పిల్లలు కూడా కలుస్తాయి. వాటిలో చాలా భాగం మొదటి చలికాలం దాటవు. వసంతంలో దాటే పక్షులు చలికాలాన్ని, వేటగాళ్లను, కరెంటు తీగలను, విషాన్ని తప్పించుకుని మిగిలినవి. అందులోని పెద్దవి నేరుగా గూటికి పోతున్నాయి. అంటే వసంతపు లెక్క జాతి చేతిలో మిగిలిన పెట్టుబడి లెక్క. వలసలను గమనించేవారు ఎక్కువగా శరత్తులోనే కొండెక్కుతారు. అప్పుడు వాతావరణం బాగుంటుంది, పక్షులూ ఎక్కువ. వసంతంలో మబ్బు, వాన, ధూళి. పనికి సరదా తక్కువ, విలువ ఎక్కువ.

ఈ విలువ ఏమిటో ఇజ్రాయెల్ దక్షిణ కొసన ఐలాట్ కొండలు చూపించాయి. ఆఫ్రికా, అరేబియాల నుంచి తిరిగివచ్చే పక్షులు ఎర్ర సముద్రం కొసను చుట్టి అక్కడి కొండల మీదుగా పోతాయి. 1985 వసంతంలో అక్కడ లెక్కకు వచ్చిన స్టెప్పీ ఈగల్స్ 75 వేలకు పైనే. తర్వాతి దశాబ్దాల్లో అదే చోట, అదే కాలంలో నిలబడినవారికి అందులో చిన్న భాగమే కనిపించింది. గడ్డిభూములు పొలాలయ్యాయి. కజకిస్తాన్, మంగోలియాల్లో మధ్యశ్రేణి విద్యుత్ స్తంభాల మీద వాలిన పక్షులు షాక్ కొట్టి చచ్చాయి. గూళ్లు మంటలకు పోయాయి. 2015లో ఐయూసీఎన్ స్టెప్పీ ఈగల్‌ను అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించింది. గడ్డిభూమిలో విడివిడిగా గూళ్లు వెతికి లెక్కించడం ఏళ్ల పని. కొండ మలుపులో కూర్చున్నవాడికి పడిపోతున్న సంఖ్య ముందే కనపడుతుంది.

దీనికి పాత సాక్ష్యం అమెరికాలో ఉంది. పెన్సిల్వేనియాలో ఒక కొండ అంచున వేటగాళ్లు ప్రతి శరత్తులో వలస డేగలను సరదాకు కాల్చేవారు. రోజలీ ఎడ్జ్ అనే మహిళ 1934లో ఆ కొండను లీజుకు తీసుకుని కాపలా పెట్టింది. అదే హాక్ మౌంటెన్. కాపలాకు వచ్చిన మారిస్ బ్రౌన్ దాటే పక్షులను రోజూ లెక్కపెట్టాడు. ముఖ్యంగా తెల్లతల ఈగల్స్‌లో పిల్లలెన్ని, పెద్దవెన్ని అని వేరువేరుగా రాశాడు. 1930ల చివర్లో దాటిన వాటిలో దాదాపు నలభై శాతం పిల్ల పక్షులు. 1957కు వచ్చేసరికి 32 పెద్ద పక్షులకు ఒక్క పిల్ల. రేచల్ కార్సన్ 1962లో ‘సైలెంట్ స్ప్రింగ్’లో డీడీటీ మీద వాదించినప్పుడు ఈ లెక్క ఆమెకు ఆయుధమైంది. పెద్ద పక్షులు ఇంకా కనిపిస్తున్నాయి కదా అని అందరూ ధైర్యంగా ఉన్న కాలంలో, గూళ్లలో గుడ్లు పొదగడం లేదని చెప్పింది ఆ నోటు పుస్తకమే. అమెరికాలో పంటలకు డీడీటీ వాడకం 1972లో ఆగింది. తెల్లతల ఈగల్ 2007లో ప్రమాదపు జాబితా నుంచి బయటికొచ్చింది.

మన దగ్గర జరిగింది దీనికి తలకిందులు. తెల్లవీపు రాబందు శాస్త్రీయ నామంలోనే బెంగాల్ ఉంది, ‘జిప్స్ బెంగాలెన్సిస్’. ఒకప్పుడు దాని గురించి ఎవరూ పట్టించుకోనంత మామూలు పక్షి. భరత్‌పూర్ కేవలాదేవ్ పార్కులో విభు ప్రకాష్ రాసిపెట్టుకున్న పాత లెక్కలు ఉండబట్టి 1990ల చివర్లో అవి ఎంత పడిపోయాయో బయటపడింది. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ మందు కారణమని 2004లో తేలింది, 2006లో ఆ మందును పశువులకు వాడటాన్ని నిషేధించారు. అప్పటికి ఈ జాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. ఉత్తర బెంగాల్‌లో బక్సా అడవి అంచున రాజాభాత్‌ఖావాలో ఇప్పుడు రాబందులను పంజరాల్లో పెంచి అడవిలోకి వదులుతున్నారు. అదే మందు స్టెప్పీ ఈగల్స్‌కూ ప్రమాదమే. రాజస్తాన్‌లో పశు కళేబరాల దిబ్బ దగ్గర చనిపోయిన స్టెప్పీ ఈగల్స్ ఒంట్లో దాని ఆనవాళ్లు దొరికినట్టు 2014లో ప్రచురితమైంది. చలికాలమంతా మన కళేబరాల దిబ్బల మీద బతికే పక్షి అది. దాని ఆరోగ్యం మన చేతిలోనే ఉంది. దాని సంఖ్య తెలిసేది మన కొండల మీదే.

కొండ మీద ఏం చేస్తారు

ఉగాదికి అటొక నెల, ఇటొక నెల దీనికి సరైన కాలం. స్టెప్పీ ఈగల్స్ ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎక్కువ. ఏప్రిల్ చివర్లో, మేలో తేనె డేగలు, చిన్న డేగలు. పొద్దున్నే వెళ్లి లాభం లేదు, గాలి లేచేదాకా పక్షి లేవదు. తొమ్మిది నుంచి నాలుగు దాకా కూర్చోవాలి. పశ్చిమ అలజడులు వచ్చి రెండు రోజులు వానో మంచో కురిశాక, ఆకాశం తేటపడిన మొదటి రోజు సెలవు పెట్టైనా కొండెక్కాలి. ఆగిపోయిన పక్షులన్నీ ఆ రోజే కదులుతాయి.

బైనాక్యులర్స్ ఎనిమిదింతలవో పదింతలవో చాలు. ఇద్దరుంటే మంచిది, ఒకరు చూడటానికి, ఒకరు రాయడానికి. కొత్తవారు చేసే పొరపాటు సుడిలో తిరుగుతున్న పక్షులను లెక్కపెట్టబోవడం. నలభై పక్షులు గిరగిరా తిరుగుతుంటే ఏది లెక్కైందో ఏది కాలేదో తెలియదు. సుడి పైకొసన అవి ఒకదాని వెనక ఒకటి జారుకుంటాయి. అప్పుడు తీగలా సాగుతాయి, అప్పుడే లెక్కపెట్టాలి. ఎదురుగా ఉన్న కొండ కొస నుంచి చెట్టు దాకా ఒక ఊహా గీత గీసుకుని, దాన్ని దాటినవాటినే రాయాలి. వెనక్కి వచ్చినవాటిని తీసేయాలి. అక్కడే తిరిగే స్థానిక పక్షులను కలపకూడదు. హిమాలయపు రాబందు, కొండ ఈగల్ జంట రోజంతా కనిపిస్తూ కొత్తవారిని మోసం చేస్తాయి.

గుర్తుపట్టడానికి రంగు కంటే ఆకారమే నమ్మకం. చదునుగా చాపిన పొడవాటి రెక్కలు, కొసన విడిన వేళ్లు, బరువైన నడక లాంటి ఎగురుడు ఉంటే ఈగల్. తోక చీలి, రెక్కలు విరిచినట్టుంటే గద్ద. చిన్న తల ముందుకు చాచి పావురంలా కనిపిస్తే తేనె డేగ. స్టెప్పీ ఈగల్ పిల్లకు రెక్క కింద పొడుగునా తెల్లని పట్టీ ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది మాసిపోతుంది. పెద్ద పక్షి మొత్తం గోధుమ రంగు. దగ్గరగా దాటితే నోటి పసుపు అంచు కంటి వెనుక దాకా సాగి కనిపిస్తుంది. తెల్ల పట్టీ ఉన్నవెన్ని, లేనివెన్ని అని రెండు గడులు వేరుగా రాసుకుంటే చాలు, మారిస్ బ్రౌన్ చేసిన పనే మీరూ చేసినట్టు. దూరంగా పోయి పోల్చుకోలేనిదాన్ని ‘ఏదో ఈగల్’ అనే రాయాలి. ఊహించి పేరు పెట్టడం కంటే అది మేలు.

కోల్‌కతా నుంచి వెళ్లేవారికి దారి సులువే. రాత్రి రైలెక్కితే పొద్దుటికి న్యూ జల్పాయిగుడి. అక్కడి నుంచి డార్జిలింగ్ కొండలు. నేపాల్ సరిహద్దు వెంట సాగే సింగలీలా వరుసలో ఉన్న సందక్‌ఫు 3,636 మీటర్లతో పశ్చిమ బెంగాల్‌లో అన్నిటికంటే ఎత్తు. కానీ ఒక మాట గుర్తుంచుకోవాలి. సింగలీలా ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతుంది, మనకు కావలసిన పక్షులు పడమర నుంచి తూర్పుకు పోతాయి. అవి ఈ అంచు వెంట నడవవు, దాన్ని అడ్డంగా దాటుతాయి. అందువల్ల ధర్మశాలలోలా ఒకే బాట మీద బారులు ఆశించకూడదు. కనుమలు, ఒంపులు ఎక్కడున్నాయో చూసుకుని కూర్చోవాలి. పైగా తూర్పు హిమాలయంలో తేమ ఎక్కువ. వసంతంలో మధ్యాహ్నానికల్లా లోయల నుంచి మబ్బు లేచి కాళ్ల కింద నుంచి కళ్ల దాకా కప్పేస్తుంది. రోడోడెండ్రాన్ పూలు చూసి తిరిగొచ్చిన రోజులే ఎక్కువ ఉంటాయి. ఆ రోజుల పద్దు కూడా రాయాలి, ఎన్ని గంటలు కూర్చున్నాం, ఎంత మబ్బు, ఎన్ని పక్షులు, సున్నా అయితే సున్నా.

కొండకు పోలేనివారికి మిద్దె ఉంది. మార్చి రెండోవారం నుంచి కాలబైశాఖి గాలివానలు ముదిరేదాకా, మధ్యాహ్నం పదకొండు నుంచి రెండు మధ్య కోల్‌కతా మీద వేడి గాలి బాగా లేస్తుంది. ఊరి గద్దలు ఇళ్ల మీద తిరుగుతుంటే, వాటికి చాలా పైన ఏ తొందరా లేకుండా చుట్లు తిరిగి ఉత్తరానికి జారిపోయే చుక్కలు ఉంటాయి. రోజూ ఒకే మిద్దె, ఒకే గంట, ఒకే దిక్కు. ఈబర్డ్‌లో ఆ గంటకు ఒక జాబితా పెడితే, అది మరొకరి లెక్కతో కలుస్తుంది.

తెలుగు నేల మీద

స్టెప్పీ ఈగల్ దక్షిణాదికి అరుదుగానే వస్తుంది. మనకు దక్కేవి వేరు. నంద్యాల దగ్గర రోళ్లపాడు గడ్డిభూమిలో చలికాలమంతా హారియర్ డేగలు సాయంత్రాలు గుంపులుగా నేల మీద నిద్రకు దిగుతాయి. వాటి వసంతపు ప్రయాణం కూడా మధ్యాసియా గడ్డిభూములకే. పొలాల్లో మిడతలు తిని బతికే పక్షులు కాబట్టి మన పురుగుమందుల లెక్క వాటి ఒంట్లో తేలుతుంది. ఇక అముర్ డేగ. 2012లో నాగాలాండ్ దోయాంగ్ జలాశయం దగ్గర వలల్లో పట్టి లక్షకు పైగా చంపిన సంగతి బయటపడి దేశం ఉలిక్కిపడింది. మరుసటి ఏడాదికే అక్కడి పల్లెలు ఆ వేటను ఆపేశాయి. అది శరత్తు కథ. ఆ పక్షులు అక్కడి నుంచి మధ్య, దక్షిణ భారతం మీదుగా అరేబియా సముద్రం దాటి ఆఫ్రికాకు పోతాయి. వాటికి కట్టిన ఉపగ్రహ పరికరాలు ఈ దారిని చూపించాయి. ఏప్రిల్ చివర, మేలో తిరిగొచ్చేటప్పుడు మళ్లీ సముద్రం దాటి దేశం మీదుగానే ఈశాన్యానికి సాగుతాయి. శరత్తులో లాగా ఎక్కడా లక్షల్లో ఆగవు. ఎత్తున, వేగంగా, చెదురుగా దాటిపోతాయి.

అందుకే వాటిని వసంతంలో చూసినవారు తక్కువ. నల్లమల, శేషాచలం, విశాఖ కొండల అంచులు ఎండ కాగే మే నెలలో ఎవరూ ఎక్కని చోట్లు. తూర్పు కనుమల్లో ఏ గుట్ట మీద నుంచైనా మే మొదటి వారంలో ఒక మధ్యాహ్నం నైరుతి దిక్కుకు చూస్తూ కూర్చుంటే, గొడుగు, నీళ్లు, నోటుపుస్తకం మరిచిపోకూడదు. తల మీద ఎండ ఉంటుంది కాబట్టి పక్షి నల్ల నీడగానే కనిపిస్తుంది. కొడవలి లాంటి సన్నని రెక్కలు, చురుకైన ఊపు, పావురమంత ఒళ్లు ఉంటే వేళ, దిక్కు, సంఖ్య రాసుకోండి.